ఇంట్లో టీబీ, ఇంట్లో విశ్వాసం

వాక్యభాగము: మార్కు సువార్త 2:1–12
తోడుగా చదవవలసినవి: లేవీయకాండము 14:1–9, యెషయా 38, మార్కు 1:40–45, రూతు 1



విశ్వాసం అనగానే మనకు ఆదివారం ఆరాధన, ఉపవాస కూటాలు, సాయంకాలపు కుటుంబ ప్రార్థన గుర్తుకొస్తాయి. అవన్నీ కావలసినవే. అయితే మన విశ్వాసం ఎంత లోతుగా వేరు పారిందో తెలిసేది ఇంట్లో ఒకరికి నలుగురిలో చెప్పుకోలేని జబ్బు వచ్చినప్పుడే. గళ్ళ (తెమడ) పరీక్షలో టీబీ అని తేలిన కుటుంబాలు మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న చాలాసార్లు "నయమవుతుందా?" అని కాదు. "ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుందా సార్?" అని. ఆ రోజు నుంచి కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. కోడలికి వచ్చిందంటే బట్టల సంచి సర్ది పుట్టింటికి పంపడం. ఇంటి పెద్దకు వచ్చిందంటే ఆయనే ఎవరికీ చెప్పకుండా మాత్రలు దాచుకుని మింగడం, నెలన్నరకు దగ్గు తగ్గగానే మానేయడం.

ఇవన్నీ ప్రార్థన చేసే ఇళ్ళలోనే జరుగుతున్నాయి. అందుకే ఈ పాఠంలో టీబీ గురించీ, ఇంటి బంధాల గురించీ కలిపి నేర్చుకుందాం.

నలుగురు మోసిన మనిషి

కపెర్నహూములో యేసు ఒక ఇంట్లో ఉన్నాడని విని జనం వాకిలి దగ్గర కూడా చోటు లేనంతగా కూడుకున్నారు. పక్షవాయువు గల ఒకణ్ణి నలుగురు మోసుకొచ్చారు. లోపలికి దారి లేదు. వాళ్ళు ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా అతణ్ణి ప్రభువు ముందు దించారు.

ఈ కథలో మూడు సంగతులు గమనించండి.

మొదటిది: యేసు చూసినది మోసుకొచ్చిన వాళ్ళ విశ్వాసాన్ని కూడా. రోగి ఏమి నమ్మాడో, ఏమి అడిగాడో మార్కు రాయలేదు. మోసిన వాళ్ళు ఏమి చేశారో రాశాడు. జబ్బు మనిషికి నమ్మే బలం లేనప్పుడు అతని పక్కనున్నవారు తమ విశ్వాసాన్ని చేతులతో, భుజాలతో చూపవచ్చు.

రెండవది: మోసిన వాళ్ళు సిగ్గుపడలేదు. అంతమంది ముందు, ఇంటి కప్పు విప్పి దించారు. చాటుగా తీసుకురావాలని వాళ్ళు చూడలేదు.

మూడవది: బాగైన తరువాత యేసు అతణ్ణి తనతో ఉండమనలేదు, ఇంటికి పంపాడు. పక్షవాయువుతో పడుకున్నవాడు తిరిగి తన ఇంట్లో తన చోటుకు వెళ్ళాలి. స్వస్థత అంటే శరీరం బాగుపడటమే కాదు, ఇంట్లో పోయిన చోటు తిరిగి దొరకడం కూడా.

మన ప్రాంతపు చరిత్ర: ఆరోగ్యవరం

పూర్వపు చిత్తూరు జిల్లాలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉందని మీలో చాలామందికి తెలుసు. దక్షిణ భారతదేశంలో పనిచేస్తున్న వేర్వేరు మిషన్లు కలిసి అక్కడ యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం స్థాపించాయి. 1915లో అది ప్రారంభమైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంట్. ఎత్తైన ప్రదేశం, పొడి గాలి ఉన్నందున ఆ చోటును ఎంచుకున్నారు.

ఆ రోజుల్లో టీబీకి మందు లేదు. 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24 ప్రపంచ టీబీ దినం. కాని క్రిమి తెలిసినా దాన్ని చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. అంతవరకు వైద్యం అంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, కొందరికి ఊపిరితిత్తి మీద శస్త్రచికిత్స. రోగులు నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి ఇల్లు విడిచి ఉండవలసి వచ్చేది. ఎవరూ దగ్గరకు రానివ్వని రోగుల కోసం సంఘాలు ఒక చోటు కట్టాయి. మిషన్ల మధ్య సిద్ధాంత భేదాలున్నా, రోగి మంచం దగ్గర కలిసి నిలబడ్డాయి.

ఆ పని అక్కడితో ఆగలేదు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు డాక్టర్ జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనాన్ని పరీక్షించి, టీబీ ఒక ప్రాంతంలో ఎలా వ్యాపిస్తుందో అధ్యయనం చేశారు. రోగి వచ్చేదాకా ఆగకుండా, పల్లెకే వెళ్ళిన పని అది.

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇలాంటిదే ఒక మాట ఉంది. కుష్ఠరోగి పాళెము వెలుపల ఉండాలన్న నియమం మనందరికీ గుర్తుంటుంది. కాని అతణ్ణి చూడడానికి యాజకుడు పాళెము దాటి బయటికి వెళ్ళాలని, బాగైతే లోపలికి తిరిగి చేర్చుకోవాలని కూడా అదే ధర్మశాస్త్రం చెప్పింది. దూరం పెట్టే నియమాన్ని గుర్తుంచుకుని, వెళ్ళి చూసే నియమాన్ని మనం మరిచిపోయాం.

మద్రాసు ఇరుకు ఇళ్ళలో తేలిన నిజం

స్ట్రెప్టోమైసిన్ 1940లలో, ఐసోనియజిడ్ 1952లో వాడుకలోకి వచ్చాయి. అప్పుడొక పెద్ద ప్రశ్న ఎదురైంది. మన దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు, శానిటోరియం మంచాలు కొన్ని వేలు. మంచం దొరకనివారిని ఇంట్లోనే ఉంచి మాత్రలిస్తే బాగవుతారా? ఇంట్లోవాళ్ళకు అంటదా?

దీన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధనా కేంద్రం పెట్టారు. పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో చేర్చారు. అక్కడ మంచం, విశ్రాంతి, మంచి ఆహారం, నర్సులు ఉన్నారు. రెండవ గుంపును వాళ్ళ ఇళ్ళలోనే ఉంచారు. ఒకే గదిలో అందరూ పడుకునే ఇళ్ళు, తిండి అంతంత మాత్రం, బాగయ్యాక పనికి వెళ్ళక తప్పని మనుషులు. రెండు గుంపులకూ ఒకే మందులు, ఒక సంవత్సరం పాటు ఇచ్చారు.

ఫలితాలు 1959లో వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారూ, శానిటోరియంలో ఉన్నవారూ ఇంచుమించు సమానంగా బాగయ్యారు. తరువాత ఐదేళ్ళపాటు రెండు గుంపుల ఇంటివారినీ గమనిస్తూ వచ్చారు. మందులు వాడుతున్న రోగితో ఒకే ఇంట్లో ఉన్నందువల్ల అదనంగా జబ్బు రాలేదని తేలింది. ఇంటివారికి ముప్పు ఎక్కువగా ఉన్నది జబ్బు బయటపడి మందులు మొదలుకాక ముందటి రోజుల్లో.

ఈ ఒక్క పని వల్ల ప్రపంచమంతటా టీబీ వైద్యం మారింది. శానిటోరియంలు క్రమంగా మామూలు ఆసుపత్రులయ్యాయి. ఆరోగ్యవరం కూడా ఇప్పుడు అన్ని జబ్బులకూ వైద్యం చేసే మెడికల్ సెంటర్.

మనం నేర్చుకోవలసినది ఇది. మందులు వేసుకుంటున్న కోడలిని పుట్టింటికి పంపడం వల్ల ఇంటికి రక్షణ రాదు. దగ్గుతున్నా పరీక్షకు తీసుకుపోకుండా రెండు నెలలు దాచడం వల్లే ఇంటికి ముప్పు వస్తుంది. మనం భయపడవలసిన చోట ఊరుకుంటున్నాం, ఊరుకోవలసిన చోట భయపడుతున్నాం.

ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసినవి

1. టీబీ గాలి ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు క్రిములు గాలిలో చేరతాయి. కంచం, గ్లాసు, దుప్పటి, కరచాలనం వల్ల రాదు. మెడ దగ్గర గడ్డలు, వెన్నెముక వంటి చోట వచ్చే టీబీ సాధారణంగా ఇంకొకరికి అంటదు.

2. రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, గళ్ళలో రక్తం – వీటిలో ఏది ఉన్నా గళ్ళ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం.

3. మామూలు టీబీకి ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు, బరువును బట్టి, రోజూ.

4. సరైన మందులు మొదలుపెట్టాక సుమారు రెండు వారాల్లో చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, గాలి ఆడే చోట పడుకుంటే చాలు.

5. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కినా వెంటనే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు.

6. మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా తయారవుతుంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ఇంటివారికి అంటేది కూడా ఆ మొండి క్రిమే.

7. ఇంట్లో మిగిలినవారందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించాలి. జబ్బు లేదని తేలినవారికి రాకుండా కాపాడే మందులున్నాయి.

8. షుగరు ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. టీబీ వచ్చిన ప్రతివారూ షుగరు, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోవాలి. సారాయి, మందు తాగేవారు చికిత్సకాలంలో తప్పక మానాలి, లేకపోతే కాలేయం దెబ్బతింటుంది.

ఇప్పుడు బంధాల సంగతి

భార్యాభర్తలు. సుఖంలోనూ కష్టంలోనూ, వ్యాధిలోనూ ఆరోగ్యంలోనూ ఒకరికొకరు తోడుంటామని గుడిలో అందరి ముందు మాట ఇచ్చాం. ఆ మాటకు విలువ తెలిసేది ఇలాంటి ఆరు నెలల్లోనే. భర్తకు జబ్బు చేస్తే భార్య వెంట ఉండి చూసుకోవడం మన ఇళ్ళలో మామూలే. భార్యకు జబ్బు చేసినప్పుడు భర్త అలాగే ఆమెను పరీక్షకు తీసుకుపోతున్నాడా, మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నాడా? అన్నలారా, తమ్ముళ్ళారా, మీ మనస్సాక్షిని అడగండి. ఒక వైద్యపు మాట కూడా: గర్భం రాకుండా మాత్రలు వేసుకునే స్త్రీలు టీబీ మందులు మొదలయ్యేటప్పుడు డాక్టరుకు చెప్పాలి. టీబీ మందు వల్ల ఆ మాత్రల పని తగ్గుతుంది.

అత్తాకోడళ్ళు. రూతు గ్రంథంలో నయోమి తన కోడళ్ళను పుట్టింటికి వెళ్ళమన్నది. అయితే ఆమె అలా అన్నది కోడళ్ళ మేలు కోరి. మనం జబ్బు చేసిన కోడలిని పంపేటప్పుడు ఎవరి మేలు కోరుతున్నాం? రూతు అత్తను విడిచిపోలేదు, ఆ పేద ఇంటి నుంచే దావీదు వంశం వచ్చింది. అత్తగారలారా, "మా ఇంటి పిల్ల, మా ఇంట్లోనే బాగవుతుంది" అని మీరు ఒక్క మాట అంటే వీధిలో వంద నోళ్ళు మూతపడతాయి.

తల్లీ బిడ్డలు. పాలిచ్చే తల్లికి టీబీ వస్తే బిడ్డను వేరు చేయనవసరం లేదు. తల్లి మాస్కు కట్టుకుని పాలివ్వవచ్చు. బిడ్డకు రక్షణ మందు ఏది ఇవ్వాలో డాక్టరు చెబుతారు. అమ్మ ఒడి నుంచి బిడ్డను లాగేసి అవ్వ చేతికి ఇచ్చే ముందు మమ్మల్ని ఒకసారి అడగండి.

పెళ్ళి సంబంధాలు. టీబీ బాగైనవారు అందరిలాగే పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. వైద్యం నడుస్తుంటే పూర్తయ్యేదాకా ముహూర్తం ఆపండి. ఎదుటివారికి చెప్పకుండా పెళ్ళి చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కొత్త ఇంట్లో పెళ్ళికూతురు మాత్రల డబ్బా ఎక్కడ దాచుకోవాలి? దాచలేక మానేస్తుంది. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆ ఇంట్లో నమ్మకమూ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది. నిజం చెబితే సంబంధం తప్పిపోవచ్చు. నిజమే, అది చిన్న నష్టం కాదు. అయినా అబద్ధం మీద కట్టిన కాపురంలో ఆ పిల్ల ఒంటరిగా మోసే బరువు దానికంటే పెద్దది.

ప్రార్థన చేశాం, మాత్రలెందుకు?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడుగుతారు. రెండు నెలలకు దగ్గు పోయి, ఒళ్ళు తేరుకోగానే "దేవుడు బాగుచేశాడు, ఇక మాత్రలు వేసుకుంటే అవిశ్వాసం" అనుకునేవారున్నారు. వాళ్ళను మేము ఎగతాళి చేయము. బాగుచేసేవాడు దేవుడే అని మేమూ నమ్ముతున్నాం.

అయితే వాక్యం ఏమి చూపిస్తున్నదో చూడండి. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయం చివర యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమని చెప్పాడు. వాగ్దానం ఇచ్చిన నోటితోనే మందు కూడా చెప్పాడు.

మార్కు మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. ఎవరూ ముట్టని మనిషిని ముట్టాడు. ఆ వెంటనే అతణ్ణి యాజకునికి కనపరచుకోమని పంపాడు. ఆ కాలంలో బాగయ్యాడో లేదో చూసి నిర్ధారించేవాడు యాజకుడే. ప్రభువు తాను చేసిన స్వస్థతను పరీక్షకు పంపడానికి వెనుకాడలేదు. కాబట్టి బాగయ్యానని నమ్మేవారు ధైర్యంగా గళ్ళ పరీక్షకు రండి. దగ్గు పోయినా ఊపిరితిత్తుల్లో మొండి క్రిములు కొన్ని నిద్రపోతున్నట్లు మిగిలి ఉంటాయి. వాటిని తుడిచివేయడానికే మిగతా నాలుగు నెలలు. మాత్ర చేతిలో పట్టుకుని "ప్రభువా, దీన్ని దీవించు" అని వేసుకోండి. ఆరు నెలలూ అది మీ ఉదయపు ప్రార్థనలో భాగం కానివ్వండి.

మీ ఇంట్లో ఆ నలుగురు ఎవరు?

మొదటివారు మాత్రలు చూసుకోవాలి. రోజూ ఒకే వేళకు ఎదురుగా నిలబడి మాత్ర వేయించి, కాలెండరులో గీత పెట్టాలి. చదువుకునే మనవరాలైనా ఈ పని చేయగలదు.

రెండవవారు తిండి చూసుకోవాలి. ఖరీదైన టానిక్కులు అక్కరలేదు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, పాలు, చెనిక్కాయలు, మునగాకు చాలు. నిక్షయ్ పోషణ యోజన కింద రోగి బ్యాంకు ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేసేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. పేరు నమోదైందో లేదో ఆసుపత్రిలో అడగండి.

మూడవవారు ఆసుపత్రికి తోడు రావాలి. పరీక్ష తేదీలు గుర్తుంచుకుని, బస్సు ఛార్జీ చూసుకుని, డాక్టరు చెప్పింది ఇంట్లో చెప్పాలి.

నాలుగవవారు మాట్లాడాలి. రోజూ పక్కన కూర్చుని పది నిమిషాలు మామూలు మాటలు మాట్లాడాలి. ఆరు నెలల వైద్యంలో చాలామంది కుంగిపోయేది మాత్రల చేదు వల్ల కాదు, ఎవరూ పక్కన కూర్చోనందువల్ల.

ఇంట్లో నలుగురు లేకపోతే సంఘం ఆ లోటు తీర్చాలి. స్త్రీల సమాజం, యౌవనుల కూటం వంతులు వేసుకోవచ్చు. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద వ్యక్తులూ, సంస్థలూ పేరు నమోదు చేసుకుని రోగులకు నెలనెలా ఆహార సరుకులు అందించవచ్చు. పాస్టరుగారు రోగి ఇంటికి వెళ్ళి అదే ఇంట్లో కాఫీ తాగితే, అది ఒక ప్రసంగంతో సమానం. అయితే ఒక జాగ్రత్త: రోగి అనుమతి లేకుండా గుడిలో పేరు చదివి ప్రార్థించవద్దు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు రోగిది.

టీబీ గురించి ఏ సందేహమున్నా 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో రెండు వారాలుగా దగ్గుతున్నవారు ఎవరైనా ఉన్నారా? పరీక్షకు ఎందుకు తీసుకుపోలేదు?
2. మన బంధువుల్లో జబ్బు పేరుతో మనం దూరం పెట్టినవారున్నారా? ఈ వారం వాళ్ళింటికి ఎవరు వెళతారు?
3. మన ఇంట్లో కొడుక్కు జబ్బు చేసినా, కోడలికి జబ్బు చేసినా ఒకేలా చూస్తామా?
4. నలుగురు మోసేవారిలో నేను ఏ పని చేయగలను?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మందులు కనుగొన్నవారి జ్ఞానం కోసం, రోగుల దగ్గర నిలబడిన వైద్యుల కోసం, నర్సుల కోసం నీకు స్తోత్రము. ఎవరికీ చెప్పుకోలేక రాత్రులు దగ్గుతూ కూర్చున్న వారిని జ్ఞాపకం చేసుకో. మా ఇళ్ళలో వేరు చేసిన కంచాలను తిరిగి ఒక వరుసలో పెట్టే మనసు మాకు దయచేయి. మోయవలసినవారిని మోసే బలం ఇవ్వు. చివరి మాత్ర వరకు వారికి ఓర్పు ఇవ్వు. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.